ఐబెన్‌ఎక్ కోట మీద పొగ

1827 సెప్టెంబర్ 18, మంగళవారం

ప్లమ్ పళ్ళ పని అయిపోయింది. జాడీలన్నిటికీ గుడ్డ కట్టి అటకెక్కించాను. ఒక్కటి మాత్రం బుట్ట అడుగున పెట్టుకున్నాను. దాన్ని లెక్కలో రాయలేదు.

మంగళ, శుక్రవారాల్లో డ్యూక్ గారి అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడానికి ఊరివాళ్ళకు అనుమతి ఉంది. బీదవాళ్ళ కోసం పెట్టిన రోజులవి. నేను వెళ్తుంటే ఎదురింటి బేకరీ ఎర్మ్‌గార్డ్ ఊరుకోదు. ఈరోజు కూడా గుమ్మంలో నిలబడి, "ఏం లోనీ, మీ ఆయన కోటలు గీసీ గీసీ నీకు కట్టెలక్కూడా గతి లేకుండా చేశాడా?" అంది. పొయ్యి రాజేయడానికి ఏరిన పుల్లలే మేలన్నాను. "అలాగా, అయితే నాకూ ఓ మోపు తెచ్చిపెట్టు" అని నవ్వింది.

అక్క బాగానే ఉంది. దగ్గు ఉంది.

మా అక్క బుర్గా జూలై నుంచి కొండమీది ఐబెన్‌ఎక్ శిథిల కోటలో ఉంటోంది. బురుజు పక్కన పాతకాలపు వంటగది ఒకటి కూలకుండా మిగిలింది. దానికి చెక్కలతో తలుపు చేసుకుంది. ఈ ఊళ్ళోనే పుట్టింది, ఈ చర్చిలోనే జ్ఞానస్నానం జరిగింది. కానీ పరాయి ఊరివాణ్ని చేసుకున్న రోజే ఆడదానికి పుట్టిన ఊరి మీద హక్కు పోతుంది. మొగుడి ఊరే ఆమె ఊరు. బావ చనిపోయాడు. ఆయన ఊరు ఎక్కడో సైలీసియా కొసన ఉంది. అక్క దాన్ని చూడనైనా లేదు. చట్టం ప్రకారం ఇప్పుడు అక్కడికే పోవాలి. పట్టుబడితే బండెక్కిస్తారు. ఒక సరిహద్దు కాపలావాళ్ళు ఇంకో సరిహద్దు వాళ్ళకు అప్పగించుకుంటూ పోతారు. ఆ దగ్గుతో, రాబోయే చలికాలంలో. ఆమె ఆ ఊరికి ప్రాణాలతో చేరదు.

మావారికి చెప్పలేదు. అక్క తన మొగుడి ఊరికి వెళ్ళిపోయిందనే అనుకుంటున్నారు. ఆయన మంచివారే. కానీ అబద్ధం చెప్పాల్సి వస్తే చెవులు ఎర్రబడతాయి. ఆ చెవులు ఊరంతటికీ తెలుసు.

సెప్టెంబర్ 20

రాగి రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మల్లో ఎనిమిదో ప్లేట్ ఐబెన్‌ఎక్ అట. మావారు భోజనం దగ్గర చెప్పారు. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రచురణకర్త ఎర్లెన్‌బాఖ్ పన్నెండు కోటల సెట్ అడిగారు. ఏడు ఇప్పటికే ఇచ్చాం. ఊరి కోట ఎక్కడికి పోతుంది, ముందు దూరానివి చూసి రమ్మన్నాను. మెట్లు విరిగాయన్నాను. పాములన్నాను. ఆయన చెంచా పక్కన పెట్టి, "ఇన్నేళ్ళలో నువ్వు నా కాళ్ళ గురించి ఇంత ఆలోచించడం ఇదే మొదటిసారి" అన్నారు.

సోమవారం వెళ్తారట.

సెప్టెంబర్ 21, శుక్రవారం

అక్కకు చెప్పాను. సోమవారం పొయ్యి వెలిగించొద్దు, వెనక అడవిలోకి వెళ్ళి కూర్చో అని. "మీ ఆయన నన్ను కూడా గీస్తాడేమోలే, శిథిలాలు గీయడంలో పేరున్న మనిషి కదా" అంది. నవ్వు దగ్గులోకి వెళ్ళి చాలాసేపు తిరిగి రాలేదు.

చలి ఎలా తట్టుకుంటావని అడిగాను. "మా ఆయన బతికుండగా నాకు రెండు గదులివ్వలేకపోయాడు. ఇప్పుడు కోటే ఇచ్చారు. డ్యూక్ గారికి నా తరఫున దండాలు చెప్పు. కాకపోతే ఆయనకీ సంగతి తెలీకూడదు" అంది.

సెప్టెంబర్ 22, సాయంత్రం

ఆయన ఈరోజే వెళ్ళారు. సోమవారం దాకా ఈ వెలుగు నిలవదట. నేను మార్కెట్లో ఉన్నాను.

బూట్లయినా విప్పకుండా స్కెచ్ చూపించారు. బురుజు పక్కనుంచి సన్నగా పొగ. "చూడు లోనీ, ఇన్నాళ్ళూ నేను గీసినవన్నీ శవాలు. ఇది ఊపిరి పీలుస్తోంది" అన్నారు. ఎవరో గొర్రెలకాపరి అయివుంటాడట. పాపం ఏం వండుకుంటున్నాడో అని కూడా అన్నారు.

మసూర్ పప్పు. నేనిచ్చిందే.

అక్టోబర్ 2

ఈరోజు ప్లేట్‌ను యాసిడ్‌లో వేశాం. ఆయన ఏకాగ్రతగా ఉన్నారు, నేను లేను.

రాగి రేకు మీద మైనం పూత పూసి, దాని మీద ఆయన సూదితో గీస్తారు. గీసినచోట రాగి బయటపడుతుంది. యాసిడ్ అక్కడ మాత్రమే తింటుంది. గీయడం ఆయన పని, యాసిడ్ నా పని. పెళ్ళైన ఏడాది నుంచీ అంతే, ఆయనకు ఆలోచనలో పడితే కాలం తెలియదు. నేను ఈకతో బుడగలు తోస్తూ పరలోక జపం చెప్పుకుంటూ లెక్క చూసుకుంటాను. ఆకాశానికి కొన్ని జపాలు చాలు. అంతలో రేకును పైకి తీసి, ఆకాశాన్ని వార్నిష్‌తో మూసేసి, గోడల్నీ నీడల్నీ ఇంకా తిననివ్వాలి.

పొగ ఎక్కడ గీశారని అడిగాను. గీయలేదన్నారు. "పొగంటే గీత కాదు. ఆకాశం గీతలు ఆపేసిన చోటు. అక్కడ మిగిలే తెల్ల కాగితమే పొగ."

ఆకాశాన్ని మూయడం మర్చిపోయినట్టు కాసేపు ఊరుకుంటే చాలు, రేకంతా పాడైపోయేది. అలాగే చేద్దామనుకున్నాను. జపాలు పూర్తవగానే నా చేయి దానంతటదే రేకును పైకి తీసింది. ఇన్నేళ్ళ అలవాటు.

అక్టోబర్ 6, శనివారం

ఒకరి కోటను గీస్తే మొదటి మంచి ప్రింట్ ఆ యజమాని ఆఫీసుకు ఇవ్వడం ఇక్కడి పద్ధతి. ఇంతవరకూ ఆయన సెట్ అంతా పూర్తయ్యాకే ఇద్దామనేవారు. ఆలోగా ఏదో ఒకటి చేయొచ్చని నేనూ తీరిగ్గా ఉన్నాను. ఈరోజు సంతోషం పట్టలేక, తడి ఆరీ ఆరకుండానే డ్యూక్ గారి జిల్లా అధికారి షిండ్‌లింగ్ గారికి ఇచ్చి వచ్చారు. ఇంకోటి మెయిల్ బండిలో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళింది.

అప్పుడు చెప్పాను. ప్రెస్ పక్కన నిలబడే మొత్తం చెప్పాను.

ఆయన చాలాసేపు చేతులకంటిన సిరా తుడుచుకున్నారు. తర్వాత, "జూలై నుంచా?" అన్నారు. అవునన్నాను. "నేను ఊరంతా చాటింపు వేస్తాననుకున్నావా?" అన్నారు. నేను ఆయన చెవులకేసి చూశాను. "వేసేవాణ్నే. వేశానుగా, అదీ ప్రింట్ తీసి మరీ" అన్నారు.

అక్కను మన ఇంటికి తెద్దామని ఆయన అనలేదు. హక్కులేని మనిషిని దాచిన ఇంటివాళ్ళకు ఊళ్ళో హక్కు పోతుంది. ఎదురుగా ఎర్మ్‌గార్డ్ గుమ్మం. నేను కూడా అనలేదు. ఇద్దరం సూప్ తాగి పడుకున్నాం.

అక్టోబర్ 9

ఆయన రేకుకు మళ్ళీ మైనం పూసి, పొగ ఉన్నచోట ఆకాశం గీతలు గీశారు. అంతే పని, అరపూటలో అయిపోయింది. కొత్త గీతలు పాతవాటితో సరిగ్గా కలవలేదు. బురుజు పక్కన మానిన గాయంలా ఓ మచ్చ ఉండిపోయింది. ఆయన ఆ ప్రింట్‌ను గోడకు పెట్టి, చూడకుండా వెళ్ళిపోయారు.

అక్టోబర్ 12, శుక్రవారం

అక్కతో అన్నాను, ఇక్కడినుంచి వెళ్ళిపో అని. ఎక్కడికో చెప్పలేకపోయాను. "నువ్వు నడిచి పొమ్మంటున్నావు, ఆ అధికారి అయితే బండి ఎక్కిస్తాడు. వాడే నయం" అంది. తర్వాత నా మొహం చూసి, "ఏడవకే పిల్లా, ముక్కు ఎర్రబడితే ఆ బేకరీదానికి ఇంకో మాట దొరుకుతుంది" అంది.

ఆదివారాలు పొయ్యి వెలిగించనని మాటిచ్చింది. కొండకు మనుషులొచ్చేది ఆరోజే కదా.

నా ఉన్ని శాలువా వదిలి వచ్చాను. శాలువా లేకుండా రావడం ఆయన చూశారు. తన పాత మేజోళ్ళు నా బుట్టలో వేశారు, వచ్చేసారికి.

అక్టోబర్ 19

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఉత్తరం. ఎర్లెన్‌బాఖ్ గారికి పొగ తెగ నచ్చిందట. దుకాణం కిటికీలో పెడితే జనం ఆగి చూస్తున్నారట. ఆ ఒక్క ప్లేట్ కోసమే సెట్ కావాలంటున్నారట. తర్వాత మేం పంపిన మచ్చదాన్ని మాత్రం, ఇదేం చెత్త అని తిప్పి పంపారు.

మావారు జవాబు రాయడానికి కూర్చుని నన్ను పిలిచారు. యాసిడ్‌లో పొరపాటు జరిగి ప్లేట్ పాడైందని రాయొచ్చా అని అడిగారు. అంటే నీ పొరపాటని అర్థమవుతుంది అన్నారు. రాయమన్నాను. ఈ పనిలో నేను ఇన్నేళ్ళలో చేసిన ఒకే ఒక పొరపాటు, చేయనిది.

అక్టోబర్ 24

షిండ్‌లింగ్ గారు స్వయంగా ఇంటికి వచ్చారు. చేతిలో మా ప్రింట్.

ఆయనకు కోపం లేదు. అదే ఇబ్బంది. ఆయన భార్య ఆ బొమ్మ చూసి కన్నీళ్ళు పెట్టుకుందట. "హెల్‌విగ్, నిజం చెప్పు, ఆ పొగ చూశావా, కల్పించావా?" అని మావారిని అడిగారు. కల్పించానన్నారు మావారు. చెవులు మందారాల్లా అయ్యాయి. షిండ్‌లింగ్ గారు అది వినయమనుకున్నారు. భుజం తట్టి, "చాల్లేవయ్యా, ఇది కళ్ళతో చూసిన పొగే. నవంబర్ మొదటి ఆదివారం ఆడవాళ్ళను తీసుకెళ్తున్నాను. ప్రింట్ చేత్తో పట్టుకుని, నువ్వు కూర్చున్న రాయి మీదే కూర్చుని పోల్చి చూస్తాం" అన్నారు.

ఇప్పుడందరూ అదే చేస్తున్నారు. బొమ్మ ముందు చూసి, కొండ తర్వాత చూస్తారు.

నవంబర్ 5, సోమవారం

నిన్న గడ్డకట్టే చలి. అక్క మాట మీద నిలబడింది. పొయ్యి వెలిగించలేదు.

వాళ్ళు వచ్చారు. రాయి మీద కూర్చున్నారు. కాఫీ, కేకులు. ప్రింట్ చేతులు మారింది. పొగ లేదు. షిండ్‌లింగ్ గారి భార్య మొహం చిన్నబుచ్చుకుందట. నన్ను మోసం చేశారు అందట. దాంతో ఆయన అడవి గార్డు నోల్‌ను పిలిచి, ఈ పొగ ఎక్కడినుంచి రావాలో వెతికి చూడమన్నారు.

నోల్ చెక్క తలుపు తోశాడు. శనివారం నాటి బూడిద ఇంకా వెచ్చగా ఉంది. పక్క, కుండ, నా శాలువా. మనిషి లేదు.

ఇదంతా ఎర్మ్‌గార్డ్ చెప్పింది, రొట్టె చుడుతూ. "ఎవత్తో దొంగముండ కోటలో కాపురం పెట్టిందట. రేపు జెండార్ము పోలీసులు పట్టుకుంటారులే" అంది. తర్వాత నన్నే చూస్తూ, మెల్లిగా, "రేపు మంగళవారం కదా లోనీ, నువ్వు పుల్లలకు పోకు" అంది.

ఆమెకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసేమో. మర్నాటికి కూడా రొట్టె ఒకటి ఊరికే ఇచ్చింది.

నవంబర్ 6, మంగళవారం

వెళ్ళాను.

తలుపు పీకేశారు. కుండ పగిలింది. జెండార్ములు అప్పటికే వచ్చి పోయారు, ఎవరూ దొరకలేదని నోల్ చెప్పాడు. అడవంతా తిరిగాను. పేరు పెట్టి పిలవలేను, ఎవరైనా వింటారు. చిన్నప్పుడు బాతుల్ని పిలిచినట్టు పిలిచాను. అది అక్కకు తెలుసు.

మధ్యాహ్నం నుంచి మంచు పడుతోంది. మంచులో అడుగుజాడలు నావే.

నవంబర్ 11, సెయింట్ మార్టిన్ పండుగ

బాతు కాల్చాను. కాలు ఒకటి పక్కకు తీశాను, అలవాటుగా. తీశాక ఏం చేయాలో తోచలేదు. ఆయన దాన్ని చూసి లేచి వెళ్ళిపోయారు.

వంతెన మీద జనం చేరారు. ఐబెన్‌ఎక్ మీద పొగ.

పరుగెత్తాను, ఆ వయసు కాదు నాది. సగం కొండ ఎక్కాక నోల్ ఎదురయ్యాడు, మొహమంతా మసి. తడి గడ్డి తగలేసి వస్తున్నాడు. షిండ్‌లింగ్ గారి ఆర్డర్ అట. ప్రింట్ చూసి వచ్చేవాళ్ళు నిరాశపడకూడదని, ఇకనుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం పొగ వేయాలట. "అమ్మా, దాన్ని తరిమేసి దాని పని నాకిచ్చారు. నాకు పప్పైనా లేదు అందులో" అన్నాడు.

వంతెన మీద ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు ఊపారు.

నవంబర్ 27

ఏ కబురూ లేదు.

డిసెంబర్ 3

మిల్లు దగ్గర నీటి కట్టకు ఒక ఆడమనిషి శవం కొట్టుకొచ్చిందన్నారు. నేను కోటు వేసుకుంటుంటే ఆయన నా చేతిలోంచి తీసుకుని తనే వెళ్ళారు. ఆయన వచ్చేవరకూ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసి మళ్ళీ మడతపెట్టాను.

కాదట. వయసులో చిన్నదట. దేవుడు నన్ను క్షమించాలి, సంతోషించాను.

డిసెంబర్ 24

పూజకు వెళ్ళాం. ఎర్మ్‌గార్డ్ నా పక్కన కూర్చుంది.

1828 జనవరి 17

ఆయన మళ్ళీ కోటలు చూడటానికి వెళ్ళారు. ఇది మూడోసారి. తొమ్మిదో ప్లేట్ కోసం కోట ఎంచుకోవాలట. ఈ మంచులో ఏం కనిపిస్తుందని? తిరిగొచ్చాక స్కెచ్ పుస్తకం సర్దబోయి చూశాను. ఒక్క గీత లేదు. కాళ్ళకు బొబ్బలు.

పని చేయబుద్ధి కాక తిరుగుతున్నారనుకున్నాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది, రాగి రేకు కొని ఊరికే పెట్టామని.

ఫిబ్రవరి 10, ఆదివారం

వాన. నోల్ గడ్డి అంటుకోలేదట. వచ్చినవాళ్ళు గొడవ చేశారట.

మార్చి 12

ఎర్లెన్‌బాఖ్ గారు తొందర పెడుతున్నారు. మావారు గ్రాఫెన్‌వాండ్ కోటకు వెళ్ళి వచ్చారు. నదికి దిగువన, రెండు రోజుల దారి. ఈరోజు పగలే తిరిగొచ్చారు. బూట్లు విప్పారు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. వంటింట్లోకి వెళ్ళబోతుంటే వెనకనుంచి అన్నారు.

"దగ్గు మాత్రం తగ్గలేదు."

నేను వెనక్కొచ్చి ఆయన ఎదురుగా పీట మీద కూర్చున్నాను. అక్క ఆ కోటలో ఎలా దొరికిందో, ఏం తింటోందో అడగబోయాను. "నువ్వు రావొద్దంది. నీ మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందట. నన్నయితే ఎవరూ పట్టించుకోరట, పిచ్చి బొమ్మలవాణ్ని కదా" అన్నారాయన. అక్క మాటే అది, సందేహం లేదు.

గ్రాఫెన్‌వాండ్ కూడా డ్యూక్ గారిదే. మొదటి ప్రింట్ షిండ్‌లింగ్ గారికి వెళ్ళాలి.

మార్చి 20

తొమ్మిదో ప్లేట్ నా చేతికిచ్చారు. కోట అంతా వాన. పైనుంచి కిందిదాకా ఏటవాలు గీతలు, తెల్ల కాగితం మిగిలే సందు ఎక్కడా లేకుండా.

ఆయన గ్రాఫెన్‌వాండ్‌లో ఉన్న రోజు ఇక్కడ ఒక్క మబ్బు లేదు. నేను దుప్పట్లు ఆరేశాను. ఆయన కోటు పొడిగా తిరిగొచ్చింది.

వాన గీతలు లోతుగా పడాలి లోనీ, ఇంకాసేపు ఉంచు అన్నారు.

ఉంచాను. ఈసారి జపాలు లెక్కపెట్టలేదు.